పున్నాగ అని కొన్న మొక్క పున్నాగేనా? అమ్మ కాదంటోంది

పాలవాక్కం పెరడు:

అందరికీ నమస్కారం. మొక్కల సంగతి బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని రాస్తున్నాను. ప్రశ్న కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది బాపట్ల దగ్గర పల్లె. పెళ్ళయ్యాక చెన్నై వచ్చి పద్నాలుగేళ్ళయింది. రెండేళ్ళ కిందట పాలవాక్కంలో ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. సముద్రానికి నడిచి ఐదు నిమిషాలు. వెనక పెరడు ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై రెండడుగుల వెడల్పు. అంతా ఇసకే. గునపం వేస్తే రెండడుగుల లోతులో గవ్వ ముక్కలు వస్తాయి. ఉప్పుగాలికి గేటు ఏటా తుప్పు పడుతుంది. మొదటి ఏడు వేసిన మామిడి అంటు ఆకుల అంచులు మాడి మాడి చచ్చిపోయింది. గన్నేరు, నందివర్ధనం మాత్రం నిలబడ్డాయి.

నాన్న వెళ్ళిపోయాక, ఈ ఏడాది మొదట్లో అమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. ఇక్కడి మాట రాదు. ఏది పెడితే అది తింటుంది, ఏదీ అడగదు. అలాంటి మనిషి ఒకరోజు సాయంత్రం పెరట్లో నిలబడి, "ఇక్కడొక పున్నాగ చెట్టుంటే బావుండేదే" అంది. వాళ్ళ పుట్టింటి వీధి చివర బడి ఆవరణలో పున్నాగ ఉండేదట. తెల్లారేసరికి కింద నేలంతా తెల్లగా పూలు పరుచుకునేవట. పరికిణీలో ఏరుకొచ్చి, సూదీ దారం లేకుండా, ఆ పొడుగు కాడల్నే ఒకదాంట్లో ఒకటి మడిచి జడలా అల్లుకుని తల్లో పెట్టుకునేవాళ్ళట. చెబుతున్నంతసేపూ వేళ్ళతో గాల్లో అల్లి చూపించింది. నాన్న పోయాక అమ్మ అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

వేసవికి అమ్మ గుంటూరులో అక్క దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చెట్టు పెట్టి చూపించాలని జులైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక నర్సరీకి వెళ్ళి పున్నాగ కావాలని అడిగాను. ఆయన "పున్నై దానే?" అని నడుమెత్తు మొక్క తెచ్చిచ్చాడు. పెరటి మధ్యలో పాదు తవ్వి వేశాం. బాగానే నాటుకుంది, రెండు కొత్త చిగుళ్ళు కూడా వేసింది.

పోయిన వారం అమ్మ వచ్చింది. చేత్తో ఆకు పట్టుకు చూసి, "ఇది పున్నాగ కాదమ్మా. పున్నాగ ఆకు వేపాకులా చిన్నచిన్నగా ఉంటుంది" అని ఊరుకుంది. ఇంకో మాట అనలేదు. కానీ రోజూ సాయంత్రం చెంబుతో నీళ్ళు మాత్రం పోస్తోంది. అది చూస్తుంటే నాకు మనసు మనసులో లేదు.

మా మొక్క ఆకు అరచేయంత ఉంటుంది. దళసరిగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. కొమ్మకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటాయి. ఒక ఆకు తుంచితే కాడ దగ్గర చిక్కటి పాలు వచ్చి వేలికి జిగురుగా అంటుకున్నాయి. నర్సరీకి వెళ్ళి ఇది వేరే చెట్టండీ అంటే ఆయన ఇదే పున్నై అంటాడు. నేను కోపంగా నాలుగు మాటలు అనేసి వచ్చాను.

ఇంతకీ ఇది పున్నాగేనా? అమ్మ చెప్పే చెట్టేది? ఇప్పుడు దీన్ని తీసేసి అది వేయాలా? మొక్క చిన్నగా ఉన్నప్పుడే తేల్చుకోవాలని టెన్షన్‌గా ఉంది.

మొక్కల తాత:

అమ్మా, ముందు ఒక్క సంగతి. ఆ నర్సరీ అతను మిమ్మల్ని మోసం చెయ్యలేదు. మీ అమ్మగారు చెప్పిందీ తప్పు కాదు. ఇద్దరూ రెండు చెట్లను ఒకే పేరుతో పిలుస్తున్నారు, అంతే.

నేను మచిలీపట్నం వాణ్ణి, ముప్ఫై ఏళ్ళుగా అడయారులో ఉంటున్నాను. మన కోస్తా ఊళ్ళలో చాలామంది పున్నాగ అనేది ఆకాశమల్లెను. నిటారుగా ఎత్తుగా పెరుగుతుంది, బెరడు బెండులా గరుగ్గా ఉంటుంది, ఆకు చిన్నచిన్న రెబ్బలుగా ఉంటుంది. అందుకే మీ అమ్మగారికి వేపాకు గుర్తొచ్చింది. పువ్వు వేలంత పొడుగు గొట్టం, కొసన రెక్కలు విచ్చుకుని ఉంటుంది. రాత్రి పూసి తెల్లారేసరికి రాలుతుంది. దారం లేకుండా అల్లటానికి వీలైన పువ్వు అదే. అమ్మగారు వేళ్ళతో అల్లి చూపించారని మీరు రాసిన చోటే నాకు చెట్టు తెలిసిపోయింది.

మీ పెరట్లో ఉన్నది పొన్న. సంస్కృతంలో పున్నాగ అన్న పేరు ఈ చెట్టుకు ఉంది. తమిళులు పున్నై అంటారు. శాస్త్రీయ నామం కాలోఫిల్లం ఇనోఫిల్లం. కాలోఫిల్లం అంటే గ్రీకు మాటల్లో అందమైన ఆకు. ఎందుకన్నారో ఇప్పుడే చూడవచ్చు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఒక ఆకును ఎత్తి వెలుతురుకు అడ్డం పెట్టండి. మధ్య ఈనె నుంచి అంచు దాకా సన్నటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు, వందల కొద్దీ పక్కపక్కనే కనిపిస్తాయి. మర్రి, పనస ఆకుల్లో ఈనెలు దూరం దూరంగా, లెక్కపెట్టేట్టు ఉంటాయి. పొన్నాకులో లెక్కకు అందవు. ఎదురెదురు ఆకులు, తుంచితే జిగురుపాలు, ఈ దువ్విన ఈనెలు, మూడూ కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పువ్వు గురించి కూడా చెప్పాలి, మీరు ఇంకా చూసి ఉండరు. మొగ్గ బఠాణీ గింజంత, గుండ్రంగా, ముత్యంలా ఉంటుంది. విచ్చుకుంటే రూపాయి బిళ్ళంత. తెల్లటి రెక్కలు వెనక్కి వాలి, మధ్యలో పసుపు పచ్చటి కేసరాలు గుబురుగా, వాటి నడుమ లేత గులాబి రంగు చిన్న గుండు, దాని మీద సూదిలాంటి కాడ. ఆ గులాబి గుండే తర్వాత కాయవుతుంది. వాసన తియ్యగా, నిమ్మపూతకు దగ్గరగా ఉంటుంది. ఒక గుత్తిలో ఐదారు నుంచి పది పదిహేను పూల దాకా వస్తాయి. ఈ పువ్వును జడలా అల్లలేరు, ఆ మాట నిజం. సూదితో గుచ్చి దండ కట్టాలి.

నాగకేసరం పువ్వు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి ఎవరైనా అది ఇదేనంటే నమ్మకండి. నాగకేసరం ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది, చిగురు ఎర్రగా వస్తుంది, ఆకు అడుగు బూడిద తెలుపు. సురపొన్న మళ్ళీ వేరే చెట్టు.

తీసెయ్యాలా అని అడిగారు. తియ్యకండి. సముద్రానికి ఐదు నిమిషాల దూరంలో ఇసక నేల, ఉప్పుగాలి అన్నారు కదా. పొన్న పుట్టుకే అలాంటి చోట. హిందూ మహాసముద్రం చుట్టూ, పసిఫిక్ దీవుల దాకా, ఇసక తీరాల్లో, కడలి ఒడ్డు రాళ్ళ మీద తనంతట తాను పెరిగే చెట్టు అది. మీ మామిడిని చంపిన గాలి దీనికి సొంత గాలి. ఆ దళసరి మెరుపు ఆకు ఉప్పును తట్టుకోవటానికి ఉన్నదే.

2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను వచ్చినప్పుడు నేను అడయారులోనే ఉన్నాను. మధ్యాహ్నం గాలి మొదలైంది, సాయంత్రానికి మా వీధిలో నడవటానికి దారి లేదు. రెండు తురాయి చెట్లు వేళ్ళతో లేచి పడ్డాయి. మూల ఇంటివాళ్ళ ఆకాశమల్లె సగానికి విరిగి కరెంటు తీగల మీద ఒరిగింది. ఎదురింటి పొన్నకు ఆకులన్నీ చిరిగిపోయాయి గానీ మాను కదల్లేదు. మర్నాడు పొద్దున దాని కింద నిలబడి పైకి చూశాను, చిన్న కొమ్మలు తప్ప ఏమీ పోలేదు. అది కళ్ళారా చూశాను కాబట్టే మీకు గట్టిగా చెబుతున్నాను.

బెంగళూరు బాల్కనీ:

తాతగారు ఆకాశమల్లె అనగానే రాయకుండా ఉండలేకపోయాను. మాది నెల్లూరు, ఇప్పుడు బెంగళూరు జయనగర్‌లో ఉంటున్నాం. ఇక్కడి పాత వీధుల్లో ఆకాశమల్లెలు చాలా ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో పొద్దున ఆరింటికి నడకకు వెళితే కాలిబాటంతా తెల్లగా ఉంటుంది. ఏడున్నరకల్లా ఊడ్చేస్తారు, అందుకని నేను ముందే వెళతాను. మా నాయనమ్మ కూడా వీటిని పున్నాగ పూలే అనేది. మీ అమ్మగారి మాట చదివితే ఆమె గొంతు వినిపించినట్టయింది.

అయినా మీ పెరట్లో వేయవద్దనే చెబుతాను. కలప పెళుసు. మా అపార్ట్‌మెంట్ పక్కన ఉన్న చెట్టు కొమ్మ రెండేళ్ళ కిందట మే నెల వానకు విరిగి ఒకాయన స్కూటర్ మీద పడింది. ఆయన అప్పుడే దిగి లోపలికి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. పైగా వేళ్ళ నుంచి పిలకలు వస్తూనే ఉంటాయి. మన దగ్గర దీనికి కాయలు అరుదు, అంతా పిలకలతోనే నాటుతారు. గట్టినేల ఊళ్ళోనే ఇలా ఉంటే, మీ ఇసకలో సముద్రపు గాలికి అరవై అడుగుల చెట్టు ఎలా నిలబడుతుందో ఆలోచించండి.

కానీ అమ్మగారికి ఆ పూలు మాత్రం తప్పకుండా చూపించండి. చెన్నైలో కూడా ఉన్నాయి ఈ చెట్లు. తమిళంలో మరమల్లి అంటారు, ఆ పేరుతో అడగండి.

పాలవాక్కం పెరడు:

తాతగారూ, మీరు చెప్పినట్టే ఈ పొద్దున ఆకును ఎండకు పెట్టి చూశాను. అచ్చం దువ్వినట్టే ఉంది! మా అమ్మాయిని పిలిచి చూపిస్తే లెక్కపెడతానని కూర్చుని నలభై దాకా లెక్కపెట్టి వదిలేసింది. ఒక్క పక్క సగం కూడా కాలేదు.

నర్సరీ ఆయన్ని అన్న మాటలు గుర్తొచ్చి చాలా బాధగా ఉంది. ఆదివారం వెళ్ళి చెబుతాను.

ఇంకొన్ని సందేహాలు. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవి పోయవచ్చా? మొక్క నుంచి ప్రహరీ పదకొండడుగులు, ఇంటి గోడ పంతొమ్మిది అడుగులు. సరిపోతుందా? పూత ఎన్నాళ్ళకు వస్తుంది? అమ్మ వయసు గుర్తుపెట్టుకుని అడుగుతున్నాను.

మొక్కల తాత:

బోరు నీళ్ళు పొయ్యవచ్చు. వచ్చే నెల ఈశాన్య వానలు మొదలవుతాయి కదా, డిసెంబరు దాకా మీరు పొయ్యాల్సిన పనే ఉండదు. జనవరి నుంచి వారానికి రెండుసార్లు, పాదు నిండా పొయ్యండి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. అమ్మగారు రోజూ పోస్తున్నారన్నారు, ఆ పని మాత్రం మాన్పించకండి. ఆమె పోసే చెంబు పోయనివ్వండి, మీరు వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు పొయ్యండి. మొదటి రెండు వేసవులు గడిస్తే ఇక దాని దారి అది చూసుకుంటుంది. పాదులో ఎండుటాకులు జానెడు మందాన పరచండి. ఇసక నేల కాబట్టి ఏడాదికి రెండుసార్లు పశువుల ఎరువు వెయ్యండి. రసాయన ఎరువులు వద్దు.

ప్రహరీ పదకొండడుగులే అన్నారు. పొన్న పైకి కన్నా పక్కలకు ఎక్కువ పరుచుకుంటుంది. మాను ఒక్కోసారి వంగి పెరుగుతుంది, సముద్రపు ఒడ్డున అయితే మరీను. చిన్నప్పుడే వెదురు కర్ర పాతి మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. పదేళ్ళ తర్వాత గోడ దాటి కొమ్మలు పక్కింట్లోకి వెళతాయి. కాయ గోలీకన్నా పెద్దది, గట్టిది, కార్ల మీద పడితే చప్పుడవుతుంది. పక్కింటివాళ్ళతో ఇప్పుడే ఒక మాట అనుకోండి.

పూతకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. నిదానంగా పెరిగే చెట్టు. దీని గురించి మీకు తియ్యగా చెప్పలేను. అందుకే ఒక పని చెయ్యండి. ఇప్పటికే పూసే చెట్టు దగ్గరికి అమ్మగారిని తీసుకెళ్ళండి. ఏడాదిలో రెండు విడతలు పూస్తుంది కాబట్టి ఒకసారి కాకపోతే ఇంకోసారి దొరుకుతుంది.

మైలాపూర్ మెట్లు:

తీసుకెళ్ళాల్సిన చోటు నేను చెబుతాను. మైలాపూర్ కపాలీశ్వర స్వామి గుడి. అక్కడ స్థలవృక్షం పున్నైయే. అమ్మవారు నెమలి రూపంలో పున్నై చెట్టు కింద శివుణ్ణి పూజించిందని స్థలపురాణం. మైలాపూర్‌కు ఆ పేరు నెమలి వల్లే వచ్చిందంటారు, తమిళంలో నెమలి మయిల్. గుడి ప్రాకారంలో ఆ చెట్టు పక్కనే పున్నైవననాథర్ సన్నిధి ఉంది, నెమలి పూజ చేస్తున్న శిల్పం చూడవచ్చు. వననాథర్ అన్న మాట గమనించండి. అక్కడ ఒక చెట్టు కాదు, వనమే ఉండేదన్నమాట. ఏడో శతాబ్దంలో శైవ కవి సంబంధర్ మైలాపూర్ మీద పాడిన పదికం, అంటే స్తుతి పాట, పున్నై తోపున్న సముద్రతీరంతోనే మొదలవుతుంది.

నేను పుట్టింది పెరిగింది మైలాపూర్‌లోనే, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ప్లస్ టూలో మా తమిళం అయ్యవారు నట్రిణై అనే సంగం కాలపు కవితల సంకలనంలో ఒక పాట చెప్పారు, నూట డెబ్భై రెండోది. అప్పటి నుంచి పున్నై అంటే నాకు అదే గుర్తొస్తుంది. ఆడపిల్లలు ఆడుకుంటూ తెల్లటి ఇసకలో ఒక పున్నై గింజను పాతిపెట్టి మరిచిపోతారు. అది మొలకెత్తుతుంది. నెయ్యి కలిపిన పాలు పోసి పెంచుతారు. తల్లి అంటుంది, ఇది మీకు తోబుట్టువు, మీకన్నా మంచిది అని. అందుకే ఆ చెట్టు నీడలో నీతో నవ్వుతూ మాట్లాడాలంటే మాకు సిగ్గుగా ఉంది అని చెలికత్తె నాయకుడికి చెబుతుంది. తోబుట్టువు చూస్తుండగా ఎలా మాట్లాడతాం అని ఆ సిగ్గు. సంగం కవులు సముద్రతీరాన్ని పాడితే పున్నై రాకుండా ఉండటం అరుదు.

మనవాళ్ళకూ ఇది కొత్త చెట్టేం కాదు. గుళ్ళలో ఉత్సవాలప్పుడు పొన్నవాహనం చూసే ఉంటారు. చెట్టు మీద చీరలు వేలాడుతుంటే కృష్ణుడు కొమ్మ మీద కూర్చుని ఉంటాడు. మీ అమ్మగారికి ఆ పేరు చెప్పి చూడండి. పున్నాగ అంటే కాదన్నారు గానీ, పొన్న అంటే ఆమెకు తెలిసే ఉంటుంది.

గుడికి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో వెళ్ళండి. ప్రదోషం రోజు మాత్రం వద్దు. ఆ జనంలో పెద్దవాళ్ళు నిలబడలేరు, చెట్టు దగ్గర ఆగటానికి వీలుండదు.

కోనసీమ గట్టు:

అందరూ పువ్వు గురించే చెప్పారు, నేను కాయ గురించి చెబుతాను. మాది అంతర్వేది వైపు. ఇప్పుడు ఉద్యోగం అంబత్తూరులో. మా చిన్నప్పుడు గట్టు మీద పొన్నలు నాలుగుండేవి. కాయ ముదిరితే పసుపు పచ్చగా అయ్యి, తోలు ముడతలు పడి రాలేది. పొద్దున్నే వెళితే గబ్బిలాలు పైతోలు కొరికి పడేసిన కాయలు కుప్పలుగా ఉండేవి. చెట్టును దూరదూరాలకు మోసేది గబ్బిలాలు, సముద్రం. టెంక లోపల బెండులాంటి పొర ఉంటుంది, అందుకని ఉప్పునీళ్ళలో రోజుల తరబడి తేలి వేరే ఒడ్డుకు చేరి మొలుస్తుంది.

టెంక పగలగొడితే లోపల లేత పసుపు పప్పు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తాజా పప్పు నలిపితే నూనె పెద్దగా రాదు. ఎండలో కొన్ని వారాలు పెడితే ముదురు గోధుమ రంగుకు తిరిగి జిడ్డు తేలుతుంది. అప్పుడు గానుగకు వేసేవాళ్ళు. ఎండిన పప్పు బరువులో సగానికి పైగా నూనే. ముదురాకుపచ్చగా, చిక్కగా, గాఢమైన వాసనతో ఉంటుంది. మా తాత కీళ్ళనొప్పులకు కాచి రాసుకునేవాడు. కరెంటు రాకముందు పశువుల కొట్టంలో దీపానికి పోసేవాళ్ళు. ఇప్పుడు అదే నూనెను ‘టమాను ఆయిల్’ అన్న పేరుతో చిన్న చిన్న సీసాల్లో పోసి ఒంటికి రాసుకునేందుకు అమ్ముతున్నారు.

మీ ఇంట్లో పాప ఉందన్నారు కాబట్టి ఈ మాట. పప్పు తినకూడదు, ఆ నూనె వంటకు కాదు. ఆకు తుంచిన పాలు కంట్లో పడకుండా చూసుకోండి. చిన్నప్పుడు మా తమ్ముడు ఆ చేతులతో కళ్ళు నులుముకుని రెండు రోజులు కన్ను తెరవలేకపోయాడు.

గింజలు నాటాలనుకుంటే టెంకతో పెట్టకండి. మా నాన్న టెంకతో పెట్టినవి రెండు నెలలైనా రాలేదు. పప్పుకు దెబ్బ తగలకుండా టెంక మెల్లగా పగలగొట్టి, పప్పును ఇసకలో వేలి గణుపు లోతున పెడితే మూడు వారాల్లో మొలక వచ్చింది. చీడ పట్టిన పప్పుకు చిన్న రంధ్రం ఉంటుంది, చూసి తీసెయ్యండి.

పాలవాక్కం పెరడు:

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. మధ్యలో వానలు, పాప పరీక్షలు. అడిగి వదిలేసిందనుకోకూడదని జరిగిందంతా చెబుతున్నాను.

ముందు నర్సరీకి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే మళ్ళీ గొడవకొచ్చాననుకుని మొహం తిప్పుకున్నాడు. తప్పు నాదేనండీ, మా ఊళ్ళో ఆ పేరుతో మరమల్లిని పిలుస్తారు అని నాకొచ్చిన తమిళంలో చెప్పాను. ఆయన పక్కనున్న స్టూలు లాగి కూర్చోమన్నాడు. వాళ్ళ నాన్న కాటుమరాల మీద చేపలు పట్టేవాడట. పడవలకు పున్నై కర్ర వాడేవాళ్ళని, ఉప్పునీళ్ళకు తట్టుకుంటుందని చెప్పాడు. వచ్చేటప్పుడు ఒక సంచి వేపపిండి ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

తర్వాత అమ్మను మైలాపూర్ తీసుకెళ్ళాను. నాలుగున్నరకు వెళ్ళమన్నారు, అలాగే వెళ్ళాం. చెట్టు దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. పూత లేదు. నేను నెమలి కథ చెప్పాను. అప్పుడు పొన్నవాహనం అన్న మాట అన్నాను. అమ్మ చటుక్కున నా వైపు తిరిగి, "ఓ, పొన్నా! అలా చెప్పవేం? మా ఊరి గుళ్ళో ఉండేదే పొన్నవాహనం, కర్రతో చేసింది. చెట్టును మాత్రం ఎప్పుడూ చూడలేదు" అంది. డెబ్భై ఏళ్ళుగా ఉత్సవాల్లో బొమ్మగా చూసిన చెట్టు అది. కిందకు వాలిన ఒక ఆకును తుంచకుండా రెండు వేళ్ళ మధ్య పెట్టి నిమిరింది. ఇంటికొచ్చాక పెరట్లో మొక్క దగ్గర కూడా అలాగే నిమిరింది.

ఆకాశమల్లె కూడా దొరికింది. తిరువాన్మియూర్‌లో, మా అమ్మాయి సంగీతం క్లాసుకు వెళ్ళే వీధిలోనే ఉంది, ఇన్నాళ్ళూ నేను తలెత్తి చూడలేదు. నవంబరు మొదటి వారం వాన తెరిపిచ్చిన రోజు పొద్దున ఐదున్నరకు అమ్మను స్కూటీ మీద తీసుకెళ్ళాను. రోడ్డు తడిగా ఉంది, పూలు బురద అంటకుండా ఒక కారు పైకప్పు మీద రాలి ఉన్నాయి. అమ్మ కొంగులో ఏరుకుంది. అక్కడే అరుగు మీద కూర్చుని అల్లటం మొదలుపెట్టింది. రెండు కాడలు పక్కపక్కన పెట్టి, మూడోదాన్ని అడ్డంగా చుట్టి, దాని కొసను మళ్ళీ వెనక్కి మడిచి, అలా వేళ్ళు ఆగకుండా. అరవయ్యేళ్ళ తర్వాత ఒక్కచోట కూడా తడబడలేదు. వాకిట్లో ముగ్గు వేయటానికి బయటికి వచ్చిన ఆ ఇంటి తమిళ మామి కాసేపు చూసి, ముగ్గు డబ్బా పక్కన పెట్టి, అమ్మ పక్కనే కూర్చుంది. ఆమెకూ వచ్చట అల్లటం. ఆమె వేరేలా అల్లింది, కాడల్ని రెండేసి కలిపి. ఒకరి మాట ఒకరికి రాదు. ఒకరి చేతులు ఒకరు చూస్తూ అరగంట కూర్చున్నారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు అమ్మను అక్కడ దింపి, పాలు తీసుకుని మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటున్నాను. మామి నేర్పిన తమిళం మాటలు ఏడెనిమిది వచ్చాయి అమ్మకు.

పొన్న కాయలు బీసెంట్ నగర్‌లో ఒక వీధిలో దొరికాయి, పది ఏరుకొచ్చాం. కోనసీమ గట్టు గారు చెప్పినట్టు పాప, అమ్మ కలిసి రుబ్బురోలు పొత్రంతో మెల్లగా కొట్టి టెంకలు తీశారు. మూడు పప్పులు పగిలిపోయాయి, ఒకదానికి రంధ్రం ఉంది. మిగిలిన ఆరు ఇసక తొట్టిలో పెట్టాం. ఇరవై మూడో రోజు మొదటిది ఇసకను పైకెత్తింది. ఇవాళ్టికి నాలుగొచ్చాయి. ఒకదానికి రెండాకులు విచ్చుకున్నాయి, చిటికెన వేలంత ఆకులోనే ఆ దువ్వినట్టుండే గీతలు కనిపిస్తున్నాయి.

పెరట్లో మొక్క ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. వెదురు కర్ర కట్టాం. పక్కింటివాళ్ళతో మాట్లాడాను, వాళ్ళు కాయలకు అభ్యంతరం లేదన్నారు గానీ కొమ్మ కారు షెడ్డు మీదికి రాకుండా కొట్టించుకోమన్నారు.

నాలుగు మొలకల్లో ఒకటి మామికి ఇస్తానని అమ్మ మాటిచ్చేసింది. ఒకటి అక్కకు బాపట్ల పంపుతున్నాం, సూర్యలంక దారిలో వాళ్ళకు కొంచెం నేల ఉంది. ఇంకా రెండున్నాయి. పాలవాక్కం, నీలాంగరై, తిరువాన్మియూర్ వైపు సముద్రానికి దగ్గర్లో నేల ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే ఇక్కడే చెప్పండి. నాలుగాకులు వచ్చాక ఇస్తాను.

మొక్కల తాత:

మొలకను తొట్టిలోంచి తీసేటప్పుడు వేరు కిందికి పొడుగ్గా దిగి ఉంటుంది, లాగకండి. ఇసకతో సహా ఎత్తాలి. వీలైతే ఇప్పుడే, రెండాకుల మీద ఉండగానే, జానెడున్నర లోతు కవర్లలోకి మార్చండి. ఒకటి నాకు ఉంచండి. మా వీధిలో తురాయి పడ్డ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.